ఉద్యోగం వదలకుండా డార్ట్స్: ఇంగ్లండ్‌లో సెమీ ప్రొఫెషనల్ స్థాయికి చేరే దారి

వారానికి ఐదు రోజులు డ్యూటీ, గురువారం రాత్రి పబ్‌లో లీగ్ మ్యాచ్, నెలకో ఆదివారం వంద మైళ్ల దూరంలో ఏదో ఊళ్లో ఓపెన్ టోర్నమెంట్. సెమీ ప్రొఫెషనల్ డార్ట్స్ ఆటగాడి జీవితం దాదాపు ఇదే. ఆట మీద నాలుగు పౌండ్లు వస్తాయి, ఒక్కోసారి నాలుగు వందలు కూడా వస్తాయి, కానీ ఇంటి అద్దె కట్టేది మాత్రం ఉద్యోగమే. నేను గోడౌన్‌లో షిఫ్టు పని చేస్తూ ఏళ్ల తరబడి ఇలాగే ఆడుతున్నాను. ఇంగ్లండ్ వచ్చిన మన పిల్లలు చాలామంది పబ్‌లో సరదాగా నాలుగు డార్ట్‌లు విసిరి, టీవీలో డార్ట్స్ స్టార్ లూక్ లిట్లర్‌ని చూసి, "అన్నా, దీన్ని సీరియస్‌గా ఆడాలంటే ఎలా?" అని అడుగుతుంటారు. వాళ్ల కోసమే ఇది.

దారి ఉందా అంటే ఉంది. రాబ్ క్రాస్ హేస్టింగ్స్‌లో ఎలక్ట్రీషియన్. పని చేసుకుంటూనే 2016లో పీడీసీ (ప్రొఫెషనల్ డార్ట్స్ కార్పొరేషన్) నడిపే రెండో అంచె పోటీల వరస, ఛాలెంజ్ టూర్ పట్టికలో మొదటి స్థానం తెచ్చుకున్నాడు, దాంతో 2017కి టూర్ కార్డు, అంటే పీడీసీ ప్రధాన టూర్‌లో ఆడే హక్కు, వచ్చింది, 2018 జనవరి 1న ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో ఈ ఆట దిగ్గజం ఫిల్ టేలర్‌ని 7-2తో ఓడించాడు. టేలర్‌కి అదే చివరి మ్యాచ్. అలాంటి పరుగు అందరికీ రాదు, నాకు రాలేదు. కానీ క్రాస్ ఎక్కిన మెట్లు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

ముందు బోర్డు సరిగ్గా కొట్టండి

చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. నేల నుంచి బుల్ (బోర్డు నడిమధ్య ఉండే చుక్క) మధ్యకి ఎత్తు 1.73 మీటర్లు. బోర్డు ముందు తలం నుంచి నిలబడే గీతకి దూరం 2.37 మీటర్లు, గోడ నుంచి కాదు. బోర్డు గోడ కంటే ముందుకు ఉంటుంది కాబట్టి గోడ నుంచి కొలిస్తే గీత బోర్డుకి దగ్గరైపోతుంది, ఇంట్లో బాగా ఆడి పబ్‌లో తేలిపోతారు. బుల్ నుంచి గీతకి ఏటవాలుగా టేపు పెడితే 2.93 మీటర్లు రావాలి, మూడు కొలతలూ కుదిరితేనే నమ్మండి. ఆ గీతని ఇక్కడ 'ఓకీ' అంటారు.

బోర్డు సైసల్ నారదే కొనండి. ఎలక్ట్రానిక్ బోర్డు మీద ప్లాస్టిక్ ములుకులతో ఆడేది వేరే ఆట, దాని దూరం కూడా 2.44 మీటర్లు. డార్ట్‌లు టంగ్‌స్టన్‌వి తీసుకోండి, అదే బరువులో ఇత్తడి కంటే సన్నగా ఉంటాయి కాబట్టి ట్రెబుల్ 20లో (20 ముక్కలో మూడింతల స్కోరిచ్చే సన్నని గడి) మూడూ పక్కపక్కన పడతాయి. బరువు 21 నుంచి 24 గ్రాముల మధ్య మొదలుపెట్టండి. కొనే ముందు డార్ట్స్ షాపులో విసిరి చూడనిస్తారు, సిగ్గుపడకుండా అరగంట విసరండి. కొన్నాక మాత్రం ఆరు నెలలు మార్చొద్దు, ఎందుకంటే బాగా ఆడని ప్రతి వారం డార్ట్‌ల మీద నెపం వేసి కొత్త సెట్ కొనడం ఈ ఆటలో పెద్ద జబ్బు. బోర్డు చుట్టూ సరౌండ్, కింద మ్యాట్, నీడ పడకుండా గుండ్రటి లైటు ఉంటే చాలు. బోర్డుని వారానికోసారి తిప్పండి, 20 ముక్క ఒక్కటే అరిగిపోకుండా ఉంటుంది.

విసురు

నిలబడే తీరు, పట్టు ఎవరివి వాళ్లవే, టీవీలో చూసి ఒకరిని అచ్చుగుద్దినట్టు దింపాలని చూడకండి. నేను చెప్పేది మూడే. ముందు కాలి మీద బరువు ఆనించి కదలకుండా ఉండాలి. మోచేయి గాల్లో ఉన్నచోటే ఉండి ముంజేయి మాత్రమే కదలాలి. డార్ట్ వదిలాక చేయి బోర్డు వైపు పూర్తిగా చాచుకోవాలి, మధ్యలో ఆగిపోతే డార్ట్ కిందికి పడుతుంది. చిన్నప్పుడు గోళీలాట ఆడినవాళ్లకి ఈ విషయం చెప్పకుండానే తెలుసు: గురి కంట్లో ఉంటుంది కానీ గోళీ వెళ్లేది వేలు వదిలిన తీరుని బట్టి. ఫోన్‌ని పక్కన పెట్టి వీడియో తీసుకోండి, మొదటి డార్ట్‌కీ మూడో డార్ట్‌కీ మోచేయి ఎంత జారిందో చూస్తే మీకే అర్థమవుతుంది.

లెక్క: ఇక్కడే మనవాళ్లకి కాస్త లాభం

వంతుకి మూడు డార్ట్‌లు విసురుతూ 501 నుంచి సున్నాకి దిగాలి, చివరి డార్ట్ డబుల్‌లో (రెండింతల స్కోరిచ్చే బయటి సన్నని వలయం) లేదా బుల్ మధ్యలో పడాలి. ఆట ఇంతే. కానీ బోర్డు మీద అంకెల అమరిక చూడండి: 20కి పక్కన 5, 1. గురి తప్పిన ప్రతిసారీ శిక్ష పడేలా అమర్చారు. 20 చుట్టుపక్కల మూడు ముక్కల్లో సమానంగా చెల్లాచెదురుగా కొట్టేవాడికి సగటున 8.7 వస్తుంది. 19 దగ్గర (3, 7 పక్కన) 9.7. అదే 14 దగ్గర (11, 9 పక్కన) 11.3! అందుకే కొత్తవాళ్లకి నేను మొదటి రెండు మూడు నెలలు బోర్డు ఎడమ వైపు, ఈ 14 దగ్గర కొట్టమంటాను. మీ డార్ట్‌లు మూడూ ఒక ముక్కలోనే పడుతున్నాయనే నమ్మకం వచ్చాక ట్రెబుల్ 20కి మారండి, ఆ తర్వాత ఇక వెనక్కి రావద్దు, పై స్థాయికి వెళ్లే దారి ట్రెబుల్ 20, ట్రెబుల్ 19 మీదుగానే.

ముగింపు లెక్కలు ఎక్కాల్లా నోటికి రావాలి. మూడు డార్ట్‌లతో ముగించగలిగే అతి పెద్ద అంకె 170 (ట్రెబుల్ 20, ట్రెబుల్ 20, బుల్). దాని కింద 169, 168, 166, 165, 163, 162, 159 మూడు డార్ట్‌లతో ముగియవు, వీటిని బోగీ నంబర్లు అంటారు. 189 మిగిలి చేతిలో ఒక్క డార్ట్ ఉందనుకోండి. అలవాటుగా 20 వైపు విసిరి మామూలు 20 పడితే 169 మిగులుతుంది, పనికిరాదు. 19 వైపు విసిరితే మామూలు 19 పడినా 170 మిగులుతుంది. ఇంత చిన్న తేడాతో లెగ్‌లు (501 నుంచి సున్నా దాకా ఒక్కో ఆట ఒక లెగ్) పోతాయి, నేను పోగొట్టుకున్నవి లెక్కలేనన్ని.

డబుల్స్‌లో 16ని మంచి చేసుకోండి. 32 మిగిలినప్పుడు డబుల్ 16 తప్పి లోపల మామూలు 16లో పడితే 16 మిగులుతుంది, అంటే డబుల్ 8. అదీ తప్పి లోపల పడితే డబుల్ 4, తర్వాత డబుల్ 2, డబుల్ 1. బేసి సంఖ్యే తగలదు. డబుల్ 20 అయితే 40, 20, 10 దాకా బాగానే వచ్చి 5 దగ్గర ఆగిపోతుంది, దాన్ని సరి చేయడానికి ఒక డార్ట్ వృథా. మొదటి డార్ట్ తప్పాక ఏం కొట్టాలో ఆలోచించడానికి ఆగకూడదు, ఆగితే చేతి లయ పోతుంది. అందుకే కాగితం మీద రాసుకుని, బస్సులో, లంచ్ బ్రేక్‌లో బట్టీ పట్టండి.

ప్రాక్టీస్: రోజుకి గంటన్నర, అందులో సగం డబుల్స్

షిఫ్టు చేసొచ్చి నాలుగు గంటలు విసురుతామంటే కుదరదు, భుజం కూడా ఒప్పుకోదు. నేను చేసేది పదిహేను నిమిషాలు వార్మప్, అరగంట ట్రెబుల్స్ (20, 19, 18 మారుస్తూ), మిగిలిన నలభై ఐదు నిమిషాలూ డబుల్స్, ముగింపులు.

డబుల్స్‌కి 'బాబ్స్ 27' అనే ఆటని మించింది నాకు దొరకలేదు. 27 పాయింట్లతో మొదలుపెట్టి డబుల్ 1కి మూడు డార్ట్‌లు, తర్వాత డబుల్ 2కి మూడు, అలా డబుల్ 20 దాకా, చివర్లో బుల్. తగిలిన ప్రతి డార్ట్‌కీ ఆ డబుల్ విలువ కలుపుకోవాలి, మూడూ తప్పితే ఆ విలువ ఒకసారి తీసేయాలి. సున్నా కిందికి పోతే ఆట అయిపోయినట్టే. మొదట్లో డబుల్ 8, 9 దగ్గరే చచ్చిపోతారు, కంగారు పడొద్దు. రోజూ ఆడి స్కోరు రాసుకోండి, ఒంటరిగా గదిలో కూడా మ్యాచ్ టెన్షన్ వచ్చేది ఈ ఆటలోనే.

డబుల్స్ మీద ఇంత పట్టు ఎందుకంటే: ఐదు డార్ట్‌లకి ఒక డబుల్ కొట్టేవాడు మూడు డార్ట్‌లకి ఒకటి కొట్టే స్థాయికి వస్తే ప్రతి లెగ్‌లోనూ సగటున రెండు డార్ట్‌లు ఆదా. స్కోరింగ్‌లో అదే లాభం రావాలంటే నెలలు పడుతుంది. డబుల్ వలయం వెడల్పు 8 మిల్లీమీటర్లు మాత్రమే, మీ చిటికెన వేలి గోరంత. పోటీలన్నీ ఆ 8 మిల్లీమీటర్ల దగ్గరే తేలతాయి.

ప్రతి మ్యాచ్ డార్ట్‌కౌంటర్ లాంటి యాప్‌లో ఎక్కించండి. కొట్టిన పాయింట్లని వాడిన డార్ట్‌లతో భాగించి మూడుతో గుణిస్తే మీ సగటు. మా వైపు నేను చూసినంతలో పబ్ లీగ్‌లో 50 దాటితే గౌరవం, 65 దాటితే లీగ్‌లో పేరు వినిపిస్తుంది, కౌంటీ జట్టుకి 75 పైన కావాలి, టూర్ కార్డు కోసం జరిగే అర్హత పోటీ, క్యూ స్కూల్‌లో నిలబడాలంటే 85 నుంచి 90. ఇంట్లో ఒంటరిగా వచ్చే సగటుని చూసి మురిసిపోకండి, మ్యాచ్‌లో అందులోంచి పది పోతుంది.

లీగ్‌లో చేరడం

ఏ ఊళ్లోనైనా బోర్డు ఉన్న పబ్‌కి వెళ్లి బార్‌లో అడగండి: "టీమ్‌కి మనిషి కావాలా?" చాలా చోట్ల కావాలి. మొదటిరోజే ఆడించకపోయినా స్కోరు రాసే పని తీసుకోండి, దాన్ని 'చాకింగ్' అంటారు. బోర్డు పక్కన కదలకుండా నిలబడి తీసివేతలు చేస్తూ లెక్క చెప్పాలి. రెండు సీజన్లు చాకింగ్ చేస్తే ముగింపులన్నీ వాటంతటవే వచ్చేస్తాయి, పైగా జట్టులో అందరికీ మీరు తెలిసిపోతారు. మ్యాచ్‌కి ముందు, తర్వాత చేయి కలపడం, ఎదుటివాడు విసిరేటప్పుడు వెనక కదలకుండా నిలబడడం, 180 (మూడు డార్ట్‌లూ ట్రెబుల్ 20) పడితే ఎవరిదైనా చప్పట్లు కొట్టడం లాంటి పద్ధతులు పాటిస్తే రంగు, యాస ఎవరూ పట్టించుకోరు. మందు తాగకపోయినా ఫరవాలేదు, నేను నిమ్మరసం సోడాతోనే ఇన్నేళ్లు నెట్టుకొచ్చాను, అలా అని పబ్‌కి వెళ్లి ఏమీ కొనకుండా బోర్డు మాత్రం వాడుకోకండి.

ఓపెన్లు, కౌంటీ, తర్వాత పెద్ద బోర్డులు

లీగ్‌లో రెండేళ్లు గట్టిగా ఆడాక స్థానిక ఓపెన్లకి వెళ్లండి. పదో ఇరవయ్యో పౌండ్లు ఎంట్రీ, నాకౌట్ పద్ధతి, పొద్దున పదింటికి మొదలై రాత్రి దాకా సాగుతుంది. అసలు కష్టం ఆడటంలో కాదు, రెండు మ్యాచ్‌ల మధ్య రెండు గంటలు ఖాళీగా కూర్చోవడంలో ఉంది. పులిహోరో చపాతీ చుట్టో డబ్బాలో తీసుకెళ్లండి, ప్రాక్టీస్ బోర్డు దగ్గర గంటలు గంటలు విసిరి చేయి అలసిపోనివ్వకండి. ఒక ఓపెన్‌లో నేను సెమీఫైనల్ దాకా వెళ్తే నిర్వాహకుడు డబ్బు తర్వాత పంపిస్తానన్నాడు, ఇప్పటికీ రాలేదు. అప్పటి నుంచి డబ్బు అదే రోజు ఇస్తారో లేదో ఎంట్రీ కట్టేముందే అడుగుతున్నాను.

ఇక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది. ఒకటి డబ్ల్యూడీఎఫ్ (వరల్డ్ డార్ట్స్ ఫెడరేషన్) వైపు, అంటే కౌంటీ జట్లు, ర్యాంకింగ్ పాయింట్లు ఇచ్చే ఓపెన్లు. ఇందులో ఎక్కువమంది ఉద్యోగాలు చేసుకునేవాళ్లే, వారాంతాల్లో జరుగుతాయి, ఆట మీద ప్రేమతో ఆడేవాళ్లకి ఇదే నా సలహా. రెండోది పీడీసీ వైపు. డబ్బంతా అక్కడే ఉంది, గుండెకోత కూడా అక్కడే. ఈ రెండింటి మధ్యలో పోర్ట్స్‌మత్‌లో జరిగే మోడస్ సూపర్ సిరీస్ ఉంది, టూర్ కార్డు లేనివాళ్లకి కెమెరా ముందు ఆడటం అలవాటు కావడానికి అంతకంటే మంచి చోటు లేదు. పీడీసీ పెద్ద టోర్నమెంట్ యూకే ఓపెన్‌కి కూడా చాలా ఏళ్లుగా రైలీస్ క్లబ్బుల్లో అమెచ్యూర్ క్వాలిఫయర్లు పెడుతూ వచ్చారు. అందులో గెలిచినవాడు ఆ టోర్నమెంట్ జరిగే మైన్‌హెడ్‌లో ప్రపంచ ఛాంపియన్ పక్క బోర్డు మీద ఆడేవాడు.

క్యూ స్కూల్: కార్డు రాకపోయినా ఎందుకు వెళ్లాలి

పీడీసీ టూర్‌లో 128 మందికే కార్డు. కొత్తగా కార్డు గెలిచినవాళ్లకి అది రెండేళ్లు ఉంటుంది. ఏటా జనవరిలో క్యూ స్కూల్ జరుగుతుంది, బ్రిటన్ వాళ్లకి మిల్టన్ కీన్స్‌లో, యూరప్ వాళ్లకి జర్మనీలోని కాల్కార్‌లో. మొదటి దశ దాటితే చివరి దశ, అక్కడ రోజువారీ విజేతలకి నేరుగా కార్డు, మిగిలిన కార్డులు అన్ని రోజుల పాయింట్ల పట్టికని బట్టి ఇస్తారు. ఎంట్రీ ఫీజే వందల పౌండ్లు, దాని మీద హోటల్, ప్రయాణం, సెలవులు.

మొదటిసారి వెళ్లేవాళ్లకి కార్డు రావడం చాలా అరుదు. అయినా వెళ్లమనే చెబుతాను, ఎందుకంటే క్యూ స్కూల్‌లో ఆడి కార్డు రానివాళ్లకి ఆ ఏడాది ఛాలెంజ్ టూర్ ఆడే హక్కు వస్తుంది. సెమీ ప్రొఫెషనల్‌కి అసలైన బడి అదే. వారాంతాల్లో ఒకే హాల్లో పలు టోర్నమెంట్లు వరసగా జరుగుతాయి, ఒకదాంట్లో ఓడినా కాసేపట్లో ఇంకోటి మొదలవుతుంది. ఏడాది చివర్లో పట్టికలో మొదటి ఇద్దరికీ కార్డు. పైగా ప్రొ టూర్ టోర్నమెంట్‌కి కార్డు ఉన్నవాళ్లు ఎవరైనా రాకపోతే ఆ ఖాళీల్లోకి ఛాలెంజ్ టూర్ పట్టికలో పైనున్నవాళ్లని పిలుస్తారు. కాబట్టి ఫోన్ ఆన్‌లో ఉంచుకోండి. 24 ఏళ్ల వరకు ఉన్న పిల్లలకి వేరేగా డెవలప్‌మెంట్ టూర్ ఉంది.

భారత్‌లో ఉన్నవాళ్లకి దారి వేరు, పీడీసీ ఆసియన్ టూర్ వైపు చూడాలి. నితిన్ కుమార్ 2018 డిసెంబర్‌లోనే లండన్ అలెగ్జాండ్రా ప్యాలెస్ వేదిక మీద భారత్ తరఫున ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఆడాడు. ఆ రోజు టీవీ ముందు నేను లేచి నిలబడిపోయాను.

వీసా, పన్ను: దీన్ని రెండుసార్లు చదవండి

మనవాళ్లు ఎవరూ చెప్పని సంగతి ఇది. స్టూడెంట్ వీసా, గ్రాడ్యుయేట్ వీసా, డిపెండెంట్ వీసా మీద ఉన్నవాళ్లు ప్రొఫెషనల్ క్రీడాకారులుగా పని చేయకూడదని షరతు ఉంటుంది. పబ్ లీగ్‌లో సరదాగా ఆడటం వేరు, ప్రైజ్ మనీ కోసం క్రమం తప్పకుండా తిరగడం, స్పాన్సర్ దగ్గర డబ్బు తీసుకోవడం వేరు. గీత ఎక్కడుందో మీ అంతట మీరు తేల్చుకోవద్దు. డబ్బున్న పోటీలకి వెళ్లేముందు ఇమ్మిగ్రేషన్ సొలిసిటర్‌ని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఇంకే తప్పు చేసినా దిద్దుకోవచ్చు, వీసా పోతే డార్ట్స్‌తో పాటు ఉద్యోగమూ పోతుంది.

పన్ను సంగతి కొంత తేలిక. ఇలాంటి పక్క పని మీద ఏడాదికి వచ్చే మొత్తం 1,000 పౌండ్లు దాటితే సెల్ఫ్ అసెస్‌మెంట్‌కి నమోదు చేసుకోవాలి, ఏప్రిల్ 5న ముగిసిన పన్ను సంవత్సరానికి గడువు అక్టోబర్ 5. మా ఆవిడ మొదటి ఏడాది నుంచీ ఒక నోటు పుస్తకంలో అన్నీ రాసింది: ఎంట్రీ, పెట్రోలు, హోటల్, ఫ్లైట్లు, వచ్చిన ప్రైజ్. మూడేళ్ల లెక్క చూస్తే వచ్చిందాని కంటే పోయింది ఎక్కువని తేలింది. ఆ పుస్తకం చూశాకే నేను దూరపు ఓపెన్లు తగ్గించి, కారులో నలుగురం కలిసి వెళ్లడం మొదలుపెట్టాను.

స్పాన్సర్ అంటే మొదట్లో డబ్బు రాదు, డార్ట్‌ల మీద తగ్గింపు, ఒక చొక్కా, ఎంట్రీ ఫీజుల్లో కొంత. మీకు తెలిసిన రెస్టారెంట్ వాళ్లనో, గ్యారేజీ వాళ్లనో అడగండి. ఏడాది క్యాలెండర్, మీ సగటు, ఏయే మ్యాచ్‌లు యూట్యూబ్‌లో వస్తాయో ఒక కాగితం మీద రాసి తీసుకెళ్తే మాట వింటారు.

ఇంకో రెండు నియమాలు. పీడీసీ వైపు ఆడేవాళ్లు డార్ట్స్ మీద పందెం కాయకూడదు, ఒక్క పౌండ్ కూడా. రెండోది, బీపీకి వేసుకునే బీటా బ్లాకర్ మాత్రలు డార్ట్స్ పోటీల్లో నిషిద్ధం, చేతి వణుకు తగ్గిస్తాయి కాబట్టి. డాక్టర్ రాసిచ్చినవైనా సరే, ముందుగా మినహాయింపు తీసుకోవాలి. నలభై దాటిన మనవాళ్లకి ఇది బాగా వర్తిస్తుంది.

చేయి వదలనంటే

డార్టైటిస్ అని ఒకటుంది. విసరడానికి చేయి వెనక్కి వెళ్తుంది, వేళ్లు మాత్రం డార్ట్ వదలవు. ఐదుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన ఎరిక్ బ్రిస్టోకే వచ్చింది. నాకు ఒక చలికాలం అంతా ఉండింది, నవ్వులాట కాదు, ఇంట్లో ఎవరూ చూడకుండా ఏడ్చాను కూడా. నాకు పనిచేసింది ఏంటంటే: స్కోరు లేకుండా, గురి లేకుండా ఖాళీ బోర్డు మీదకి ఊరికే విసరడం, ఊపిరి వదులుతూ వదలడం, లీగ్‌లో కెప్టెన్‌కి నిజం చెప్పి కొన్ని వారాలు చాకింగ్‌కే పరిమితం కావడం. దాచిపెడితే ముదురుతుంది.

ఉద్యోగం ఎప్పుడు మానాలి

కార్డు వచ్చిన రోజు మాత్రం కాదు. టూర్‌లో ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్ టోర్నమెంట్లు 2025లో 34 జరిగాయి, చాలావరకు వారం మధ్యలో, కొన్ని జర్మనీ, నెదర్లాండ్స్‌లో. ఆ ఏడాది విజేతకి 15,000 పౌండ్లు ఇచ్చారు, కానీ మొదటి రౌండ్లో ఓడినవాడికి ఏమీ రాలేదు, హోటల్ బిల్లు మాత్రం వచ్చింది. అందుకే కార్డు వచ్చినవాళ్లు ముందు యజమానితో మాట్లాడాలి: జీతం లేని సెలవు ఇస్తారా, మూడు రోజుల పనికి ఒప్పుకుంటారా, రాత్రి షిఫ్టుకి మారుస్తారా. ఆ మాట కుదిరాక, ఇంటి ఖర్చు పన్నెండు నెలలకి సరిపడా బ్యాంకులో ఉందా అని చూసుకోవాలి. రెండేళ్ల తర్వాత డబ్బు పట్టికలో మొదటి 64 మందిలో లేకపోతే సాధారణంగా కార్డు పోతుంది, మళ్లీ జనవరిలో మిల్టన్ కీన్స్ క్యూలో నిలబడాలి. నా స్నేహితుడొకడు అలా కార్డు పోయిన వారానికే పాత డిపోలో పాత షిఫ్టుకి వచ్చాడు, గురువారం మా పబ్‌లో ఆడాడు, ఆ రాత్రి 121ని మూడు డార్ట్‌లతో ముగించాడు.